గొగుడు

పోస్టాఫీసు వెనక వైపు, సైకిళ్ళ స్టాండు దాటాక, చివరి గది ఆమెది. తలుపు మీద రాసిన పేరు ఎప్పుడో చెరిగిపోయింది. మళ్ళీ రాయించే తీరిక ఎవరికీ లేదు. ఊళ్ళో వాళ్ళందరి ఉత్తరాలకీ అడ్రసు సరిగ్గా లేదని వంకలు పెట్టే గదికి అడ్రసే లేకపోవడం చూసి కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకుంటారు. పాతవాళ్ళు ఆ నవ్వు ఎప్పుడో నవ్వేశారు.

ఎక్కడికీ చేరని ఉత్తరాలన్నీ ఆ గదికి చేరతాయి. ఇంటి నంబరు లేనివి, వీధి పేరు తప్పుపడినవి, వానలో తడిసి సిరా కారిపోయినవి, 'నీలం గేటు ఇంట్లో ఉండే డ్రాయింగు మాస్టారికి' అని మాత్రమే రాసి పోస్టులో పడేసినవి. వాటిని ముందేసుకుని కూర్చుని, ఎవరు రాశారో, ఎవరికి రాశారో తేల్చడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే బల్ల, అదే భూతద్దం, ఒక కాలు పొట్టిగా ఉండి అటూ ఇటూ ఊగే అదే కుర్చీ. ఆఫీసులో అందరూ ఆమెను 'అడ్రసమ్మ' అంటారు. ఆ పేరు పెట్టిన గుమాస్తా వెక్కిరింతకే పెట్టాడు గానీ, అతను పోగొట్టుకున్న సర్టిఫికెట్ల కవరును ఆమే వెతికిపెట్టాక ఆ వెక్కిరింత కాస్తా మర్యాదగా మారిపోయింది.

దస్తూరీ చూసి కొంత పట్టుకుంటుంది. అంతకన్నా ఎక్కువగా మాటను చూసి పట్టుకుంటుంది. 'మూడో కాలు కూడా నయమైంది, ఇక నాలుగోది చూడాలి' అని రాసిన కార్డు ఒకటి వస్తే, గదిలో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె మాత్రం పశువుల ఆసుపత్రికి ఫోన్ చేసింది. కార్డు అక్కడి కాంపౌండరుదే. ఏ వైపు వాళ్ళు ఏ వస్తువును ఏమంటారో, ఏ వయసు వాళ్ళు ఉత్తరాన్ని ఎలా మొదలుపెడతారో ఆమెకు కొట్టినపిండి.

అంటించిన కవరును మాత్రం ఆమె విప్పకూడదు. అది సూపరింటెండెంటుగారి పని. ఆయనైనా అడ్రసు దొరికేదాకానే చదవాలి. దొరికిన మరుక్షణం మడిచేయాలి. రిటైర్మెంటుకు దగ్గరపడిన ఆ పెద్దాయన ఈ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తాడంటే, ఒక ప్రేమలేఖలో రెండో వరుసలోనే అడ్రసు దొరికితే మూడో వరుస చదవకుండా మడిచి, ఆ రోజంతా చిరాగ్గా తిరిగాడు.

ఎవరి ఉత్తరం ఎవరిదో ఇట్టే చెప్పే ఈ మనిషికి, సొంత ఇంట్లో తన గొంతుతో తమ్ముడితో ఎవరు మాట్లాడుతున్నారో మాత్రం ఏడాదిపాటు అంతుపట్టలేదు.

తమ్ముడు ఆమెకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. నాన్న పోయినప్పుడు వాడికి ఊహ తెలియదు. అమ్మ పోయేనాటికి పదిహేనేళ్ళు. అక్కడినుంచి వాడికి అన్నీ అక్కే. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పనిలో చేరి, నాలుగేళ్ళలో మంచి పనివాడని పేరు తెచ్చుకున్నాడు. ఫ్రేములో అద్దం బిగించాక దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి ఒక కన్ను మూసి చూసేవాడు. ఇంట్లో గ్లాసు కడిగినా అలాగే ఎత్తిపట్టి చూసేవాడు. "అందులో ఏ నంబరుందిరా?" అని అక్క ఏడిపించేది.

వాడికి ఇరవై ఐదు నిండాక మొదలైంది. అద్దాలు అరగదీసే మిషను రొదలో ఎవరో పిలుస్తున్నారని మాటిమాటికీ మిషను ఆపి వెనక్కి చూసేవాడట. షాపు యజమాని మంచివాడు గనుక మిషనుకు నూనె వేయించాడు. తర్వాత ఆ పిలుపు ఇంటికీ వచ్చింది. వాడి గదికీ వంటగదికీ మధ్య ఒకే గోడ. ఆ గోడలోంచి అక్క మాట్లాడుతోందన్నాడు. ప్లగ్గు కన్నాల్లో కాగితం కుక్కాడు, గోడకు పరుపు ఆనించాడు. ఆమె కంచం పెడితే వాసన చూసి పక్కకు నెట్టేవాడు. బయట కొన్న బిస్కెట్ల ప్యాకెట్టు, అదీ సీలు ఊడనిదైతేనే తినేవాడు.

ఇరుగుపొరుగు ఊరికే ఉంటారా! పని ఎక్కువై బుర్ర వేడెక్కిందని ఒకరు, పెళ్ళి చేస్తే తిక్క కుదురుతుందని ఒకరు, అక్క గారాబం చేసి పాడుచేసిందని ఒకరు, అక్క మరీ కట్టడి చేసిందని ఇంకొకరు. గారాబం, కట్టడి రెండూ ఒకే మనిషి ఒకే పిల్లాడికి ఎలా చేసిందని అడిగినవాళ్ళు లేరు. వాళ్ళ మాటలు ఆమె ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది, ఒక్కటి తప్ప. 'నీ వల్లే' అన్న మాట మాత్రం లోపలే ఉండిపోయింది.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గొడుగు మేకుకు వేలాడుతూనే ఉంది. మనిషి లేడు. రెండు గంటలు వెతికితే బస్సు డిపోలో, ఆగిన బస్సుల మధ్య నేల మీద కూర్చుని కనిపించాడు. నిలువునా తడిసిపోయి వణుకుతున్నాడు. అక్కను చూసి చెవులు మూసుకున్నాడు. ఇంట్లో గొడుగు ఉండగా ఇంత వానలో ఇలా ఎందుకు బయల్దేరాడో ఆమెకు అర్థం కాలేదు. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు.

మూడు వారాలు గడిచాయి. మందులకు నిద్ర పట్టింది, మనిషి కాస్త కుదుటపడ్డాడు. గొంతు మాత్రం పోలేదు. శనివారం శనివారం ఆమె వెళ్ళేది. అడుగుల చప్పుడు వినగానే వాడు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆమె మంచం చివర అరగంట కూర్చుని, సీలు ఊడని బిస్కెట్ల ప్యాకెట్టు దిండు పక్కన పెట్టి లేచి వచ్చేసేది. నాలుగో శనివారం డాక్టరమ్మ ఆమెను గదిలోకి పిలిచింది.

"ఇంకో పది రోజుల్లో డిశ్చార్జి చెయ్యొచ్చు. కానీ మీ దగ్గరికి రానంటున్నాడు. ఎక్కడికైనా పంపండి, అక్క దగ్గరికి మాత్రం వద్దంటున్నాడు. బస్సులో ఆరుగంటల దూరంలో ఇలాంటివాళ్ళను చూసుకునే ఒక హోమ్ ఉంది. మంచిదే. నెలాఖరుకి అక్కడో మంచం ఖాళీ అవుతుంది. అతను ఇష్టపడి మీతో వస్తే సరే. లేదంటే నేను బలవంతంగా పంపలేను."

ఆమె అడ్రసు లేని కవరులాగా అన్నాళ్ళూ లోపల దాచుకున్నదాన్ని బల్ల మీద పెట్టేసింది.

"నేనో మాట అనుకున్నానండీ. పైకి అనలేదు. ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే, ఒళ్ళు హూనమైపోయి ఉన్నాను, అప్పుడే వీడు కంచం విసిరికొట్టాడు. వీడు లేకపోతే హాయిగా ఉందును కదా అనుకున్నా. మనసులోనే. వారం తిరక్కుండా వాడు, 'నేను లేకపోతే హాయిగా ఉంటానన్నావు కదా' అన్నాడు. అచ్చం అదే మాట. వాడికెలా తెలిసిందండీ? నా వల్లేనా ఇదంతా?"

డాక్టరమ్మ చేతిలో పెన్ను కింద పెట్టింది. "మనసులో అనుకున్నది గోడ దాటదమ్మా. దాటేదైతే మా ఆయన నా మీద ఎప్పుడో కేసు పెట్టేవాడు."

ఆమె నవ్వలేదు. డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అతనికి మీ మనసు తెలీలేదు. ఈ లోకంలో అతనికి ఉన్నది మీరొక్కరే. మీకు బరువైపోయాననేదే అతని పెద్ద భయం. జబ్బు ఆ భయానికి గొంతిచ్చింది. మీరు అలిసిపోయి అనుకున్నదీ, అతను భయపడి అనుకున్నదీ ఒకటే మాట అయింది, అంతే. అలా అనుకోని మనిషిని ఈ కుర్చీలో నేనింతవరకూ చూళ్ళేదు. మీ వంశంలో ఇలాంటిది ఇంకెవరికైనా ఉందా?"

ఆమెకు మేనమామ గుర్తొచ్చాడు. ఇంట్లో అందరూ 'రేడియో మామ' అనేవాళ్ళు. రేడియో కట్టేశాక కూడా వార్తలు వస్తున్నాయని కూర్చుని వినేవాడు. ఏం వార్తలు మామా అని పిల్లలంతా చుట్టూ చేరి అడిగేవాళ్ళు. ఆమే ముందుండి అడిగేది. ఇప్పుడు చెబుతుంటే తల వంగిపోయింది.

"చూశారా," అంది డాక్టరమ్మ. "ఇది ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. వందలున్నాయి, ఒక్కోటీ చిటికెడు. కొన్ని ఇళ్ళల్లో ఎక్కువ చిటికెళ్ళు పోగవుతాయి. పుట్టినప్పుడు ఏమైనా ఇబ్బంది అయిందా?"

"పుట్టగానే ఏడవలేదండీ. నీలంగా ఉన్నాడు. నేను వరండాలో నిలబడి ఉన్నా. ఏడుపు కోసం చాలాసేపు విన్నాను."

"అలా ఊపిరందకపోవడం, కడుపుతో ఉండగా తల్లికి గట్టి జ్వరం రావడం, ఇవీ కొంచెం తోడవుతాయి. ఇవన్నీ ఉన్నా జబ్బు రాకపోవచ్చు, ఏవీ లేకపోయినా రావచ్చు. పదిహేను, పాతికేళ్ళ మధ్య మెదడు తనలో అక్కర్లేని అతుకుల్ని కత్తిరించుకుంటుంది. కొందరిలో ఆ కత్తెర మోతాదు మించి పడుతుందని అనుకుంటున్నారు. అందుకే చాలామందికి ఈ వయసులోనే బయటపడుతుంది. ఇక డోపమైన్ అని ఒక రసాయనం. ఏది ముఖ్యమో గుర్తుపెట్టడం దాని పని. అది కొన్నిచోట్ల ఎక్కువైతే గోడ మీద మరక, మిషను చప్పుడు, పక్కింటి దగ్గు, అన్నీ నాకోసమే అనిపిస్తాయి."

"వచ్చిన ప్రతి ఉత్తరం మీదా అర్జెంటని ముద్ర కొట్టేసినట్టా?"

"అదే. మేమిచ్చే మందు ఆ ముద్ర కొట్టే చేతిని కాస్త నెమ్మదిగా పట్టుకుంటుంది. ఇంకోటి చూడండి. మీ అరచేతిలో మీరే గిలిగింత పెట్టుకోండి."

ఆమె ఎగాదిగా చూసింది. డాక్టర్లు చెబితే చెయ్యాలి కదా అని వేలితో అరచేతిలో గీసుకుంది. ఏమీ రాలేదు.

"రాదు. చెయ్యి కదలబోయే ముందే మెదడు తనకి తనే కబురు పంపుకుంటుంది, ఇది నేనే చేస్తున్నా, పట్టించుకోకు అని. లోపల మనతో మనం మాట్లాడుకునేటప్పుడూ అలాంటి కబురే. అది సరిగ్గా అందకపోతే సొంత మాటే బయటివాళ్ళ మాటలా వినబడుతుంది. అందరిలో ఇదే జరుగుతుందని గట్టిగా చెప్పలేం, ఇంకా వెతుకుతూనే ఉన్నారు. కానీ గొంతులు వినబడేవాళ్ళలో కొంతమందికి వాళ్ళ చేత్తో వాళ్ళు పెట్టుకున్నా గిలిగింత వస్తుంది."

ఆమె తన అరచేతిని చూసుకుంది. "అంటే, పంపినవాళ్ళ అడ్రసు లేని ఉత్తరం."

డాక్టరమ్మ కింద పెట్టిన పెన్ను మళ్ళీ తీసుకుని, "ఈసారి ఎవరికైనా చెప్పాల్సొస్తే ఇలాగే చెబుతా," అంది. "ఒక్కటే జాగ్రత్త. వాదించకండి. నేను అనలేదని మీరు ఒట్టేస్తే, చూశావా అబద్ధమాడుతోందని ఆ గొంతే అంటుంది."

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో ఆమె దారిపొడుగునా అరచేతిలో గీసుకుంటూనే ఉంది. ఎదురు సీటులో ముసలాయన అది చూసి, తన చేతిని ఒడిలోకి లాక్కుని, తర్వాతి స్టాపులో దిగిపోయాడు. తన వల్ల కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నమ్మాలని ఆమె ప్రాణం కొట్టుకులాడింది. నమ్మినా వాడు ఇంటికి రాడు కదా అనుకుంది.

మంగళవారం పొద్దున్న పదకొండింటికి కొత్త కట్ట వచ్చింది. అందులో ఒక తెల్ల కవరు. స్టాంపు సరిగ్గానే అంటించారు. పంపినవారి అడ్రసు లేదు. అందుకోవలసినవారి చోట ఒకే ఒక్క మాట ఉంది: 'అక్కకి'.

గది గదంతా నవ్వింది. "ఊళ్ళో ఉన్న అక్కలందరినీ వరసలో నిలబెట్టాలి," అన్నాడు గుమాస్తా. ఆ ఏటవాలు దస్తూరీ తెలిసినదేననిపించి ఆమె భూతద్దం అందుకుంది. కానీ కవరు మీద ఉన్నది మూడక్షరాలు. మూడక్షరాలతో ఎవరిదనీ తేల్చకూడదని కొత్తవాళ్ళకు నేర్పేది ఆమే. కవరు తీసుకెళ్ళి పెద్దాయన బల్ల మీద పెట్టింది.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, కాగితం కత్తితో అంచు కోసి, పైకే చదివాడు. "'అక్కా, గోడలోంచి మాట్లాడటం ఆపెయ్యి. నేను నిన్నేమీ అనలేదు.' హు. పేరు లేదు." చివరికి వెళ్ళాడు. సంతకం లేదు. అడ్రసు కోసం మధ్యలో వెతికాడు. "ఆ రోజు కూడా అన్నావు, వాన వచ్చేలా ఉంది, గొగుడు తీసుకెళ్ళకు, తడిసి ఎటైనా పో అని." ఆయన ఆగిపోయి మళ్ళీ చూశాడు. "గొగుడట! కింద ఇంకోచోట కూడా అలాగే రాశాడు, కలం జారడం కాదు. అడ్రసమ్మా, గొడుగుని గొగుడని ఏ వైపు వాళ్ళంటారు?"

"ఏ వైపు వాళ్ళూ అనరండీ," అంది ఆమె. "అది ఊరి మాట కాదు. ఒక్క మనిషి మాట. ఆ ఉత్తరం నాకే."

పెద్దాయన ఇంకేమీ అడగలేదు. ఇంకో వరుస చదవనూ లేదు. మడిచి, రెండు చేతులతో ఆమెకు ఇచ్చి, రిజిస్టరులో ఆ వరుసకు ఎదురుగా 'చేరింది' అని రాశాడు.

సైకిళ్ళ స్టాండు గోడకు ఆనుకుని నిలబడి ఆమె ఉత్తరమంతా చదివింది. వాడు ఆ గొంతు అన్న మాటలన్నీ పొల్లు పోకుండా రాశాడు. అన్నీ తన మాటల్లాగే ఉన్నాయి. 'ఒళ్ళు హూనమైపోతోంది' తనదే. 'బుర్ర తినకు' తనదే. ఒక్క గొగుడు మాత్రం తనది కాదు.

అయిదేళ్ళప్పుడు వాడికి గొడుగు అనడానికి నోరు తిరిగేది కాదు. గొగుడు అనేవాడు. పదమూడేళ్ళ అక్కకు అంతకన్నా వినోదం ఏముంటుంది! ఇంటికి ఎవరొచ్చినా వాణ్ణి స్టూలు మీద నిలబెట్టి, మూలన ఉన్న గొడుగు చూపించి, "ఇదేంట్రా?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. మొదట్లో వాడూ నవ్వేవాడు. తర్వాత ఏడ్చేవాడు. ఆ తర్వాత ఆ మాటే మానేసి, 'ఆ నల్లది' అనడం మొదలుపెట్టాడు. ఏడేళ్ళు వచ్చాక ఒకరోజు గుమ్మంలో నిలబడి, ఊపిరి బిగబట్టి, "గొ-డు-గు" అన్నాడు. అమ్మ ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. అక్కడితో ఆ ఆట ముగిసింది. ఇరవై ఏళ్ళుగా వాడి నోట తప్పు రాలేదు. ఆమె ఆ సంగతే మరిచిపోయింది.

ఫోన్ చేస్తే డాక్టరమ్మ అంతా విని, "మీరు తేల్చి చెప్పెయ్యకండి. అడగండి. అతను ఏం చెబితే అది వినండి," అంది.

శనివారం ఎండ పేలిపోతోంది. ఆమె చంకలో గొడుగు పెట్టుకుని, దాన్ని వేసుకోకుండా, ఆసుపత్రి గేటు నుంచి వార్డు దాకా చెమటలు కక్కుతూ నడిచింది. గొడుగు ఉండి కూడా ఎండలో నడిచేవాళ్ళు ఆ ఆవరణలో చాలామందే ఉంటారు గనుక వాచ్‌మన్ పట్టించుకోలేదు.

తమ్ముడు గోడవైపు తిరిగాడు. మందులకు ఒళ్ళు వచ్చి మెడ వెనక మడత పడింది. ఆ మడత చూస్తే ఆమెకు వాడి చిన్నతనం గుర్తొచ్చింది.

"నీ ఉత్తరం అందింది."

వాడు గోడతోనే అన్నాడు. "అడ్రసు రాయలేదుగా."

"నేను పనిచేసేది ఎక్కడో మర్చిపోయావా?"

వాడి భుజం కదిలింది. నవ్వో కాదో తెలియలేదు. మెల్లగా ఇటు తిరిగాడు. ఆమె గొడుగును మంచం మీద వాడికీ తనకూ మధ్య పెట్టింది.

"అందులో ఒక్క మాట దగ్గర ఆగిపోయానురా. వానొచ్చిన రోజు నేను ఏం తీసుకెళ్ళొద్దన్నాను?"

"గొ..." ఆగాడు. పెదాలు ఒకసారి బిగించాడు. "గొడుగు."

ఆమె ఉత్తరం తీసి ఇచ్చింది. వాడు తాను రాసిందే చాలాసేపు చూశాడు, అద్దంలో గీత ఉందేమోనని చూసినట్టు.

"నువ్వు అలాగే అన్నావు," అన్నాడు చివరికి. "గొగుడు అనే అన్నావు. నువ్వనేదానివిగా. స్టూలు మీద నిలబెట్టి."

ఇది ఆమె ఊహించలేదు. వాడికి అదంతా గుర్తుంది. తాను మరిచిపోయిన ఆట వాడికి స్టూలు ఎత్తుతో సహా గుర్తుంది. ఎన్ని కారణాలు ఎన్ని చిటికెళ్ళుగా చెప్పినా, ఇది మాత్రం తను చేసిందే.

"అనేదాన్ని," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. "నువ్వు ఏడుస్తున్నా ఆపేదాన్ని కాదు. తప్పు చేశానురా. చిన్నదాన్నని చెప్పుకోను, పదమూడేళ్ళు చిన్నేం కాదు. నువ్వు సరిగ్గా చెప్పేశాక మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఆ మాట నీలోంచి పోయిందనుకున్నా."

"పోలేదు."

"ఏంటి?"

వాడు గొడుగు పిడిని వేలితో తడిమాడు. "లోపల ఇప్పటికీ అలాగే వస్తుంది. బయటికి వచ్చేముందు తిప్పుకుంటా. ప్రతిసారీ. షాపులో ఉండగా వానొచ్చినా, ఎవరైనా అడిగినా, ముందు తిప్పుకుని అప్పుడు అంటా. ఎవరికీ తెలీదు."

"నాకూ తెలీదు," అంది అక్క.

అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనాలని మనసు పీకింది. పదకొండేళ్ళ ఉద్యోగంలో పంపినవాడు దొరికినప్పుడల్లా బల్ల మీద చరిచి గట్టిగా చెప్పే అలవాటు. పెదవి కొరుక్కుని కూర్చుంది. వార్డు చివర నర్సు మందుల బండి తోసుకుంటూ వస్తోంది. ఒక్కో మంచం దగ్గరా ఆగి, మాత్ర ఇచ్చి, నీళ్ళు తాగేదాకా నిలబడి, ముందుకు కదులుతోంది. ఆ బండి మూడు మంచాలు దాటింది.

"మరి నీకు తెలీకపోతే," అని మొదలుపెట్టి ఆగిపోయాడు తమ్ముడు. గొడుగు వైపు చూశాడు. తర్వాత ఎడమ అరచెయ్యి తెరిచి, కుడి వేలితో మెల్లగా గీసుకున్నాడు. చెయ్యి చటుక్కున ముడుచుకుంది. "నాకొస్తుందక్కా గిలిగింత. డాక్టరమ్మ చూసింది. నీకొస్తుందా?"

ఆమె తన అరచేతిలో గీసుకుని తల అడ్డంగా ఊపింది.

"నాకొస్తుంది," అన్నాడు మళ్ళీ. "నా చెయ్యే, అయినా."

నర్సు వచ్చి మాత్ర ఇచ్చింది. వేసుకున్నాడు. బిస్కెట్ల ప్యాకెట్టు చించి, ఒకటి తాను తీసుకుని, ఒకటి అక్కకు ఇచ్చాడు. ఆమె కొరికేదాకా చూసి తానూ కొరికాడు. పరీక్షకే చూశాడో, ప్రేమగానే చూశాడో ఆమెకు తెలియదు. ఏదైనా సరే, వాడి చేతిమీదుగా తినడం ఏడాది తర్వాత అదే మొదలు.

తర్వాతి బుధవారం డాక్టరమ్మ కబురు చేసింది. వాడు ఇంటికి వస్తానన్నాడట.

ఇక అంతా సర్దుకుందని రాస్తే అది అబద్ధం. గొంతు పోలేదు. రోజంతా మోగేది పూటకోసారి అయింది, పూటకోసారిది వారానికి రెండుసార్లయింది. మొదటి వారం వాడు తన కంచం తానే కడుక్కుని, తానే వడ్డించుకుని తిన్నాడు. మంచాన్ని వంటగది గోడ నుంచి వీధి గోడకు మార్చుకున్నాడు. మందుకు చేతులు వణికితే డాక్టరమ్మ మోతాదు మార్చింది. ఒకసారి రెండు రోజులు మాత్రలు దిండు కింద దాచాడు. అక్క కేకలేసింది. తర్వాత కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మాత్రల డబ్బాకు రోజుల పేర్లు రాసిన కాగితం అంటించారు. షాపు యజమాని ఒంటిపూట పనికి రమ్మన్నాడు. అద్దాలు అరగదీయడం కాదు, తయారైనవాటిని వెలుతురుకు ఎత్తిపట్టి గీతలున్నాయేమో చూడటం. ఆ పనికి వాణ్ణి మించినవాడు లేడని ఆయన అంటే, అది జాలో నిజమో కనుక్కోవడానికి అక్క ఒకరోజు షాపుకు వెళ్ళి చాటుగా చూసింది. నిజమే.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఒక పొద్దున్న మబ్బు కమ్మి, చూరు నుంచి చినుకులు మొదలయ్యాయి. తమ్ముడు చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. తల ఒక పక్కకు వాల్చి వింటున్నాడు. ఆ వాలు ఆమెకు బాగా తెలుసు. పొయ్యి కట్టేసి వచ్చింది.

"ఏమంటోంది?"

"తీసుకెళ్ళొద్దంటోంది. నీ గొంతే."

"ఏం తీసుకెళ్ళొద్దట?"

వాడు మేకు వైపు చూశాడు. ఈసారి తిప్పుకోలేదు. "గొగుడు," అన్నాడు, ఇరవై ఏళ్ళ తర్వాత పైకి. అని, తన మాట తనకే విచిత్రంగా వినబడి ఫక్కున నవ్వాడు.

ఆ నవ్వుకు ఆమెకు ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. వాడి బుగ్గ పట్టుకుని, అయిదేళ్ళవాణ్ణి అన్నట్టు, గొగుడు తీసుకెళ్ళరా నాన్నా అనాలనిపించింది. లోకంలో ఆమెకు అంతకన్నా ముద్దొచ్చే మాట లేదు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట ఒక్కటే వాడికి ఆనవాలు. పొరపాటున ఒక్కసారి తన నోట పడిందా, రేపు గోడలోంచి వచ్చేది ఎవరిదో వాడు పోల్చుకోలేడు. మింగేసింది. ఇక బతికినన్నాళ్ళూ మింగుతూనే ఉండాలని ఆమెకు తెలుసు.

"గొడుగు తీసుకెళ్ళు," అంది, ఒక్కో అక్షరం దాని చోట దాన్ని పెడుతూ.

వాడు శ్రద్ధగా విన్నాడు. ఒక క్షణం రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నట్టున్నాడు. "ఇది నువ్వే," అన్నాడు. మేకుకున్న గొడుగు తీసుకుని వానలోకి వెళ్ళాడు.